హాకీ పీసీలో గోల్ ఎందుకు పడలేదో వీడియోలో పట్టుకోవడం

మ్యాచ్ అయిపోగానే పిల్లలు "సార్, పీసీలన్నీ వేస్ట్ చేశాం" అంటారు. పీసీ అంటే పెనాల్టీ కార్నర్: ఇంజెక్టర్ గోల్ పక్క గీత మీద నుంచి బాల్ తోస్తుంది, ట్రాపర్ దాన్ని డి (గోల్ ముందున్న అర్ధవృత్తం) పైభాగంలో ఆపుతుంది, ఫ్లిక్కర్ గోల్‌లోకి కొడుతుంది. ఎక్కడ చెడిందని అడిగితే ఇంజెక్టర్ ట్రాపర్‌ని చూపిస్తుంది, ట్రాపర్ ఫ్లిక్కర్‌ని చూపిస్తుంది. కాకినాడలో అమ్మాయిల జట్టుకి కోచింగ్ ఇస్తున్న నాకు వీడియో పనికొచ్చింది ముందుగా ఈ తగాదా తీర్చడానికే.

సాఫ్ట్‌వేర్ ఏది కొనాలని చాలామంది పీఈటీలు అడుగుతారు. దానికంటే ముందు మీకు ఏం తెలియాలో ఒక కాగితం మీద రాసుకోండి. "డి లోకి ఎటువైపు నుంచి వెళ్తున్నాం, వెళ్లాక ఏమవుతోంది?" ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు. ప్రశ్న లేకుండా ట్యాగింగ్ (వీడియోలో ముఖ్యమైన చోట్ల బటన్ నొక్కి గుర్తు పెట్టడం) మొదలుపెడితే రాత్రంతా బటన్లు నొక్కి, పొద్దున చెప్పడానికి ఏమీ మిగలదు.

మ్యాచ్ రికార్డింగ్‌కి ఫోన్, ట్రైపాడ్, పవర్‌బ్యాంక్ ఉంటే సరిపోతుంది. గ్యాలరీలో ఎంత పైకి వీలైతే అంత పైన, సెంటర్ లైన్‌కి ఎదురుగా పెట్టండి. మైదానం పొడవు 91.4 మీటర్లు కాబట్టి మొత్తం ఒకే ఫ్రేములో పెడితే జెర్సీ నంబర్లు కనిపించవు. ఆట జరిగే సగం కనిపించేలా మెల్లగా తిప్పాలి. తిప్పే పిల్లవాడికి బాల్ వెంట పరుగెత్తకూడదని గట్టిగా చెప్పండి, ఎందుకంటే మనం చూడాల్సింది బాల్ లేని ఆటగాళ్లనే. మా సముద్రం ఎండకి ఫోన్ వేడెక్కి రికార్డింగ్ ఆగిపోతుంది. గొడుగు తప్పనిసరి.

ట్యాగింగ్‌కి లాంగోమ్యాచ్, నాక్‌స్పోర్ట్ లాంటివి ఉన్నాయి. అవి లేకపోతే వీఎల్‌సీలో వీడియో చూస్తూ ఎక్సెల్‌లో టైమ్ రాసుకోండి. బటన్లు నాలుగు దాటనివ్వకండి: డి ఎంట్రీ, షాట్, పీసీ, బాల్ పోయింది. ఎంట్రీకి ఎడమ, మధ్య, కుడి అని కలపండి. బటన్ నొక్కిన క్షణానికి ముందు ఎన్ని సెకన్లు క్లిప్‌లోకి రావాలో సెట్ చేసుకోవచ్చు. బాల్ పోయిన క్లిప్‌కి నేను 10 సెకన్లు పెడతాను. బాల్ పోగొట్టింది ఫార్వర్డే అయినా, తప్పు చాలాసార్లు అంతకు రెండు పాస్‌ల ముందే మొదలై ఉంటుంది. ఒక్క మ్యాచ్ లెక్క చూసి ఎవరినీ బెంచి మీద కూర్చోబెట్టకండి. నాలుగైదు మ్యాచ్‌లు కలిపితేనే అంకెలకి కాస్త బలం వస్తుంది.

పీసీ దగ్గర మాత్రం ఫోన్ స్లో మోషన్‌లో ఉండాలి. గట్టి డ్రాగ్ ఫ్లిక్ (బాల్‌ని స్టిక్‌తో ఈడ్చి విసిరే షాట్) గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది, అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. సెకనుకి 30 ఫ్రేముల మామూలు వీడియోలో ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి బాల్ దాదాపు మీటరు జరిగిపోతుంది. అందులో ఏం కనిపిస్తుంది? 120 లేదా 240 ఫ్రేములు పెట్టి, ఒక ఫోన్ గోల్ వెనక నెట్‌కి దూరంగా, ఇంకోటి డి పక్కన పెట్టండి.

తర్వాత ఉచితంగా దొరికే కినోవియా సాఫ్ట్‌వేర్‌లో వీడియో తెరిచి రెండు సమయాలు కొలవండి. బాల్ ఇంజెక్టర్ స్టిక్‌ని వదిలిన దగ్గర్నుంచి ట్రాప్ దాకా ఒకటి, ట్రాప్ నుంచి ఫ్లిక్ దాకా ఇంకోటి. ఇంజెక్షన్ గుర్తు దగ్గరి పోస్టుకి 10 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అక్కణ్నుంచి డి పైభాగం మధ్యకి సుమారు 19 మీటర్లు. ఇంజెక్టర్ పుష్ నెమ్మదిగా ఉంటే ఫస్ట్ రషర్‌కి (గోల్ దగ్గర్నుంచి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చే డిఫెండర్‌కి) మనమే పరుగెత్తే టైమ్ ఇచ్చినట్టు. ఫ్రేమ్ బై ఫ్రేమ్ చూస్తే మా పిల్లల దగ్గర గొడవ ఎక్కువసార్లు ట్రాప్‌లోనే కనిపించింది: స్టిక్ పూర్తిగా నేలకి ఆనలేదు, బాల్ జానెడు పక్కకి జరిగింది, ఫ్లిక్కర్ ఒక చిన్న అడుగు అదనంగా వేసింది. ఆ అడుగు పడేసరికి రషర్ స్టిక్ దారికి అడ్డంగా వచ్చేసింది. బయటి నుంచి చూసినవాళ్లకి ఫ్లిక్ బలహీనంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

దూరాలూ వేగాలూ కొలిచేటప్పుడు జాగ్రత్త. గోల్ వెడల్పు 3.66 మీటర్లని స్కేల్‌గా ఇవ్వొచ్చు కానీ ఆ కొలత గోల్ ఉన్న తలంలోనే సరిపోతుంది, డి పైభాగంలో తప్పు చూపిస్తుంది. సమయాన్నే నమ్మండి.

పిల్లలకి చూపించేటప్పుడు మూడు క్లిప్‌లు చాలు, ఒకటి బాగా ఆడింది ఉండాలి. మీరు నోరు విప్పే ముందు వాళ్లని అడగండి. టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీతో కాంస్య పతకం మ్యాచ్‌లో మనం 5-4తో ముందుండగా చివరి క్షణాల్లో వాళ్లకి వచ్చిన పీసీని మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపిన క్లిప్ కూడా చూపిస్తుంటాను. డిఫెండర్లు ఎప్పుడు కదిలారో చూడమంటాను, గోల్‌కీపర్ల కళ్లు మాత్రం ఆయన మీదే ఉంటాయనుకోండి. ఈ క్లిప్‌లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదు. మైనర్ పిల్లలు కాబట్టి తల్లిదండ్రులతో ముందే మాట్లాడండి.

అదే సాయంత్రం గ్రౌండ్‌లో ట్రాపర్‌తో ఒక్క ట్రాప్ మాత్రమే చేయించి, ఫోన్ అదే చోట, అదే ఎత్తులో పెట్టి మళ్లీ తీయండి. కినోవియాలో రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టి, పుష్ కదిలిన ఫ్రేము నుంచి ఒకేసారి నడిపించండి. తేడా ఉందో లేదో ట్రాపరే చెబుతుంది.