సేంద్రియ సర్టిఫికెట్‌కు దరఖాస్తు: ఏవి వాడొచ్చు, ఏవి వాడకూడదు (చిత్తూరు, తిరుపతి రైతులకు)

సేంద్రియ ధ్రువీకరణకు దరఖాస్తు పెట్టాలనుకుంటే ముందు ఒక పూట మీ మోటారు షెడ్డుకు కేటాయించండి. అక్కడున్న సంచులు, డబ్బాలు, సగం వాడి మూత పెట్టిన సీసాలు అన్నీ బయట పెట్టండి. ఒక్కొక్కదాని పేరు, లేబుల్ మీద రాసిన అసలు మందు, కొన్న తేదీ నోటుబుక్కులో రాసుకోండి. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ పొలం తిరిగాక అడిగేది ఆ షెడ్డు తాళమే. మా చుట్టుపక్కల నేను దగ్గరుండి నింపించిన ఫారాల్లో కాగితం తక్కువై ఆగినవి తక్కువ. వాడకూడనిది వాడి ఆగినవే ఎక్కువ.

మా ఇంట్లోనే జరిగింది. పాకాల వైపు మాకు నాలుగెకరాల బెంగళూరా మామిడి తోట ఉంది. నమోదు చేయించి రెండేళ్లు దాటింది, యూరియా గింజ కూడా వేయలేదు. ఇక్కడ అందరూ చేసినట్టే నాన్న ఆ ఏడు కాపును పూతకు ముందే ఒక వ్యాపారికి ఇచ్చేశారు. పూత బాగా రావాలని ఆయన మనుషులు చెట్ల మొదళ్లలో కల్టార్ పోశారు. మాకు తెలిసేసరికి పని అయిపోయింది. కల్టార్ అంటే పాక్లోబ్యూట్రజాల్, రసాయన వృద్ధి నియంత్రకం. అది మట్టిలో చాలాకాలం నిలిచి ఉంటుంది. రసాయనం లేకుండా గడపాల్సిన మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఆ వ్యాపారిది తప్పని నేను అనలేను, ఆయనకు ఎవరూ చెప్పలేదు. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

రెండు దారులు

మొదటిది పీజీఎస్ ఇండియా, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఉండే పద్ధతి. కేంద్ర వ్యవసాయ శాఖ కింద నడుస్తుంది. ఒకే ఊరిలో లేదా పక్కపక్క ఊళ్లలో ఉన్న కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి, నియమాలు పాటిస్తామని ప్రతిజ్ఞ పత్రం మీద సంతకాలు పెట్టి, పీజీఎస్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసి షీట్లు నింపుతారు. గ్రూపు నిర్ణయాన్ని ప్రాంతీయ మండలి పరిశీలించి ఆమోదిస్తుంది. మార్పు దశలో, అంటే రసాయనాలు మానేశాక పూర్తి సేంద్రియం అయ్యే లోపు ఉన్న పొలానికి పీజీఎస్ గ్రీన్, పూర్తయ్యాక పీజీఎస్ ఆర్గానిక్ ముద్ర వస్తుంది. బయటి సంస్థకు ఫీజు కట్టే పని లేదు. తిరుపతి, చిత్తూరు సంతల్లోనో, చెన్నై, బెంగళూరు దుకాణాలకో కూరగాయలు, బియ్యం, బెల్లం ఇచ్చేవాళ్లకు ఇది చాలు.

రెండోది ఎన్‌పీఓపీ. అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. 2001లో మొదలైంది, ఎగుమతులను ప్రోత్సహించే కేంద్ర సంస్థ అపెడా చూసుకుంటుంది. ఎగుమతికి ఇదే కావాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు సేంద్రియ కాయ అడిగారంటే సాధారణంగా వాళ్ల ఉద్దేశం ఇదే. ఇందులో అపెడా గుర్తింపు పొందిన సంస్థ తనిఖీ చేస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ విత్తన, సేంద్రియ ఉత్పత్తుల ధ్రువీకరణ సంస్థతో పాటు ప్రైవేటు సంస్థలు కూడా ఉన్నాయి. ఒక్కరే చేయించుకోవచ్చు కానీ చిన్న రైతుకు ఖర్చు బరువు. 25 నుంచి 500 మంది వరకు కలిసి గ్రూపుగా చేరితే ఖర్చు పంచుకోవచ్చు. 2025 జనవరిలో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ ప్రకారం ఆ గ్రూపుకు చట్టబద్ధమైన నమోదు ఉండాలి. మీ ఊళ్లో రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే ఆ పని సగం అయినట్టే.

ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో ఉన్నవాళ్లు చాలామంది సర్టిఫికెట్ తమకు ఉన్నట్టే అనుకుంటారు. శిక్షణ వేరు, సర్టిఫికెట్ వేరు. పైన చెప్పిన రెండింట్లో ఒకదానిలో విడిగా నమోదు కావాల్సిందే.

కాగితాలు

పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్, ఆధార్, బ్యాంకు పుస్తకం, పొలం పటం. కౌలు రైతు అయితే కౌలు పత్రం. పటం చేత్తో గీసినా సరే, కానీ నాలుగు దిక్కులా ఎవరి పొలం ఉంది, వాళ్లు ఏ పంట వేస్తారు, నీళ్లు ఎటు నుంచి వస్తాయి అన్నవి కనిపించాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి పాత పాసుపుస్తకాల్లో చిత్తూరు జిల్లా అనో, నెల్లూరు జిల్లా అనో ఉంటుంది. దరఖాస్తులో కొత్త జిల్లా పేరు రాసి, సర్వే నంబర్లు మాత్రం భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో ఉన్నట్టే, సబ్ డివిజన్‌తో సహా రాయండి. ఒక అక్షరం తేడా వచ్చినా తర్వాత తిరగాల్సి వస్తుంది.

వీటికన్నా ముఖ్యం గత మూడేళ్ల పొలం చరిత్ర. ఏ సీజన్‌లో ఏ పంట, ఏ ఎరువు, ఏ మందు, ఎంత వేశారు. ఇక్కడ దాచకండి. మూడేళ్ల కింద ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు కొట్టానని రాస్తే ఎవరూ తప్పు పట్టరు, మార్పు దశ ఎప్పటినుంచి లెక్కించాలో తేలుతుంది. దాచి, తర్వాత ల్యాబ్ పరీక్షలో బయటపడితే గ్రూపులో మిగతావాళ్ల కాయ కూడా ఆగిపోతుంది.

ఎన్‌పీఓపీలో ఏడాది పంటలకు విత్తే ముందు రెండేళ్లు, మామిడి లాంటి బహువార్షిక పంటలకు మొదటి సేంద్రియ కోతకు ముందు మూడేళ్లు మార్పు దశ. గతంలో రసాయనాలు వాడలేదని రుజువులు చూపిస్తే తగ్గించే అధికారం ధ్రువీకరణ సంస్థకు ఉంటుంది, మనకు కాదు.

ఏవి వాడొచ్చు, ఏవి కూడదు

జాబితాలో మూడు గదులు ఉంటాయి: అనుమతించినవి, షరతులతో అనుమతించినవి, నిషేధించినవి. రైతులు ఎక్కువగా దెబ్బతినేది మధ్య గదిలోనే. అందులో ఉన్నదాన్ని అవసరం చూపించి, ముందు అడిగి, తర్వాత వాడాలి.

మామిడితో మొదలుపెడతాను. కల్టార్ నిషేధం. పూత కోసం కొట్టే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, అదీ నిషేధమే. ఆకుల మీద కొట్టే పోషకమే కదా అని చాలామంది దీన్ని మందుల కింద లెక్కేయరు. చెట్ల కింద గడ్డికి గ్లైఫోసేట్ కలుపు మందు కూడదు, కోసి అక్కడే పరిస్తే అది మల్చింగ్ అవుతుంది. తేనెమంచు పురుగుకు మెటారైజియం, బవేరియా అనే జీవ శిలీంధ్రాలు వాడొచ్చు, వేపనూనె మాత్రం సంస్థను అడిగి వాడండి. వాటికన్నా ముందు కొమ్మలు కత్తిరించి గాలి, వెలుతురు లోపలికి వెళ్లేలా చేయండి, పురుగు సగం తగ్గుతుందని మా తోటలో చూశాను. బూడిద తెగులుకు నీటిలో కలిపే గంధకం, ఆకుమచ్చకు బోర్డో మిశ్రమం షరతుల గదిలో ఉంటాయి. హెక్సాకొనజోల్, కార్బెండజిమ్ లాంటి రసాయన తెగులు మందులు కూడదు. పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు మంచివే, కానీ బజారులో దొరికే కొన్ని బిళ్లల్లో మలాథియాన్ అనే రసాయన పురుగుమందు కలిపి ఉంటుంది. లేబుల్ ఫోటో ధ్రువీకరణ సంస్థకు పంపి, వాళ్లు ఒప్పుకున్నాకే వేలాడదీయండి. కాయకు కాగితం కవర్లు తొడగడానికి ఇబ్బంది లేదు. కార్బైడ్‌తో మాగబెట్టడం సేంద్రియ పండుకే కాదు, మామూలు పండుకూ చట్టం ఒప్పుకోదు. ఇథిలీన్ గదిలో పెట్టాలనుకుంటే ముందు సంస్థను అడగండి.

వేరుశనగలో చిక్కు విత్తనం దగ్గరే మొదలవుతుంది. ఎరుపు, గులాబీ రంగు పూసిన గింజలంటే మందు పట్టించినవి. మందు పట్టించని కాయలు తెచ్చుకుని ట్రైకోడెర్మా, రైజోబియం మీరే పట్టించండి. ఊడలు దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మన దగ్గర అలవాటే, గనిలో తీసిన సహజ జిప్సం అయితే పర్వాలేదు. ఎరువుల ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఫాస్ఫోజిప్సం వేరు. బిల్లు మీద ఏది రాశారో చూసుకోండి.

పశువుల ఎరువు మన దొడ్డిది అయితే చింత లేదు. కోళ్ల ఎరువుతో జాగ్రత్త. చిత్తూరు చుట్టూ కోళ్ల ఫారాలు చాలా ఉన్నాయి, లోడు చవకగా దొరుకుతుంది. కానీ బోనుల్లో వేల కోళ్లను పెంచే ఫారం ఎరువును సేంద్రియ ప్రమాణాలు ఒప్పుకోవు. పచ్చిరొట్ట, మీరే చేసుకున్న వర్మీ కంపోస్టు, అజోస్పైరిల్లం, ఫాస్ఫో బ్యాక్టీరియా ధైర్యంగా వాడొచ్చు. బయట కొనే వేప చెక్క, కానుగ చెక్క, రాక్ ఫాస్ఫేట్, చెరకు ఫ్యాక్టరీ ప్రెస్‌మడ్ అడిగి వేయాలి. యూరియా, డీఏపీ, మ్యూరేట్ ఆఫ్ పొటాష్, మురుగునీటి మడ్డి పూర్తిగా నిషేధం.

జీవామృతం, పంచగవ్య, నీమాస్త్రం, దశపర్ణి కషాయం చేసుకునేవాళ్లు ఒక్క అగ్నిఅస్త్రం దగ్గర ఆగండి. అందులో పొగాకు ఉంటుంది. శుద్ధ నికోటిన్ నిషేధం, పొగాకు కషాయాన్ని కూడా సంస్థను అడగకుండా వాడొద్దు. చెట్టు నుంచి వచ్చిందల్లా అనుమతి ఉన్నట్టు కాదు.

దుకాణంలో కొనే బయో మందులంటే నాకు నిజంగా భయం. సంచి మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఆర్గానిక్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. జీవ మందులో రసాయనం కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి. బ్రాండు పేరుతో, బ్యాచ్ నంబరుతో ధ్రువీకరణ సంస్థ ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో సరే అన్నారని వదిలేయొద్దు, వాట్సాప్ సందేశమైనా ఉండాలి.

బెల్లం వండేవాళ్లకు వండే గానుగ దగ్గర కూడా తనిఖీ ఉంటుంది. రంగు కోసం వేసే హైడ్రోస్ అనే రసాయన పొడి కూడదు. బెండ జిగురుతో మడ్డి తీయండి, బెల్లం ముదురు రంగులో ఉంటుంది, అంతే.

ఇక అందరూ మరిచిపోయేవి. అద్దెకు తెచ్చిన తైవాన్ స్ప్రేయర్‌లో నిన్న పక్కవాళ్లు కొట్టిన మందు మిగిలి ఉంటుంది, సొంత స్ప్రేయర్ పెట్టుకోండి. పాత యూరియా సంచుల్లో కాయలు నింపొద్దు. నిల్వలో పురుగు చంపే విష వాయువు వదిలే సెల్ఫోస్ బిళ్లలు పెట్టొద్దు. పక్క పొలం రసాయన సేద్యం అయితే మధ్యలో గట్టు, చెట్ల వరుస వదలండి, ఎంత వెడల్పు అన్నది పొలం చూసి చెబుతారు. ఆ అంచున కోసిన పంటను సేంద్రియం కింద కలపకూడదు.

దరఖాస్తు ఇచ్చాక

ఎన్‌పీఓపీలో ఫారం, ఫీజు, ఒప్పందం అయ్యాక ఇన్‌స్పెక్టర్ వస్తారు. గ్రూపు అయితే అంతకు ముందే మీ సొంత తనిఖీదారు ఏడాదికి రెండుసార్లు ప్రతి పొలం చూసి ఉండాలి. అంతా సరిగా ఉంటే స్కోప్ సర్టిఫికెట్ ఇస్తారు, అది ఏడాదికే చెల్లుతుంది. సరుకు అమ్మిన ప్రతి లోడుకూ వేరుగా ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇది లేక కాయ సిద్ధంగా ఉన్నా లారీ కదలక టెన్షన్ పడ్డవాళ్లను చూశాను. కోతకు నెల ముందే సంస్థతో మాట్లాడండి.

డైరీ రోజూ రాయండి. కషాయం ఏ రోజు, ఎన్ని లీటర్లు, ఏ మడికి. ఎరువు కొన్న బిల్లులు అదే పుస్తకంలో అంటించండి.

మామిడి తోటను వ్యాపారికి ఇచ్చేవాళ్లు కాపు ఒప్పందంలో ఈ మాట తప్పక రాయించి, జిరాక్సు దరఖాస్తుతో జతచేయండి: “ఈ తోట సేంద్రియ ధ్రువీకరణలో ఉన్నది. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా కల్టార్ గాని, మరే ఇతర ఎరువు, మందు గాని వేయరాదు, కొట్టరాదు. ఉల్లంఘిస్తే ఒప్పందం రద్దు.” వ్యాపారి సంతకంతో పాటు తోటలో ఉండే కాపలా మనిషికి ఆ మాట చదివి వినిపించి, ఆయన సంతకం కూడా తీసుకోండి. మేము ఇప్పుడు అలాగే చేస్తున్నాం.