ఊరి ట్యాంకు నీళ్లు: చివరి ఇంటి నల్లా దగ్గర చూడాల్సిన లెక్క

మాది నర్సంపేట వైపు చిన్న ఊరు. ఒకటే పెద్ద ట్యాంకు, దాని కింద నాలుగు వాడలు. రెండేళ్ల కింద వానాకాలంలో చెరువు దిక్కు వాడలో వారం తిరగకముందే తొమ్మిది ఇండ్లలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, మిగతా మూడు వాడల్లో ఒక్కరికీ ఏం కాలేదు. ఆ వారమంతా ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేస్తూనే ఉన్నారు. ట్యాంకు కింద పరీక్షిస్తే నీళ్లలో క్లోరిన్ ఉందని చెప్పే పసుపు రంగు బాగానే వచ్చింది, ఆ వాడ చివరి నల్లా దగ్గర మాత్రం నీళ్లు తెల్లగానే ఉండిపోయాయి. తవ్వి చూస్తే మోరీ పక్కన పైపు జాయింటు ఊడి ఉంది. అప్పటి నుంచి ట్యాంకులో ఎంత వేశారని అడగడం మానేసి, చివరి ఇంటి నల్లాలో క్లోరిన్ ఎంత మిగిలిందనే అడుగుతున్నాను.

మీ ఊళ్లో నీళ్ల కమిటీలో ఉన్నా, వార్డు మెంబరైనా, ఊరికే పట్టించుకునే మనిషైనా ఇది చేయొచ్చు.

ముందు ట్యాంకు ఎన్ని లీటర్లదో చూడండి, చాలా చోట్ల దాని మీదే రాసి ఉంటుంది. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ దాదాపు మూడో వంతు ఉంటుంది కానీ మూట విప్పి పంచాయతీ గదిలో పెట్టాక రోజురోజుకూ దిగిపోతుంది, అందుకని లెక్కకు 25 శాతం అనుకుంటే మంచిది. అప్పుడు వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. బోరు నీళ్లకైతే 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 320 గ్రాములు. పిడికిళ్లతో, డబ్బాలతో కొలవొద్దు, చిన్న కాంటా ఒకటి కొనుక్కోండి. మిషన్ భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ప్రభుత్వ పథకం) నీళ్లు శుద్ధి కేంద్రం నుంచి క్లోరిన్‌తోనే వస్తాయి కాబట్టి ట్యాంకులో పడే నీళ్లనే ముందు పరీక్షించి, తక్కువైనంత మటుకే కలపాలి. జాతరకో బతుకమ్మకో చుట్టాలొచ్చి నీళ్లు చాలక బోరు కలిపిన రోజు ఈ లెక్క మారిపోతుంది, ఆ రోజు తప్పకుండా మళ్లీ చూడాలి.

పౌడర్‌ను నేరుగా ట్యాంకులో గుమ్మరించొద్దు. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నింపి బాగా తిప్పి, పావుగంట వదిలేస్తే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకు నిండుతున్నప్పుడు పోయాలి, అప్పుడే అంతా కలుస్తుంది. కలిపే మనిషికి ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు ఉండాలి, ఇది వాటర్‌మ్యాన్ ఆరోగ్యం సంగతి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పోశాక కనీసం అరగంట ఆగి వదలాలి. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ అంతా ఆ బురదకే ఖర్చయిపోతుంది, ముందు ట్యాంకు కడగాలి. మన దగ్గర పది రోజులకోసారి కడిగి తేదీ రాసే పద్ధతి ఉంది కదా, రాసిన తేదీ చూసి ఊరుకోకుండా కడిగేటప్పుడు ఒకసారి పైకెక్కిన మనిషిని అడుగున ఎంత మట్టి వచ్చిందో అడగండి.

ఇక పరీక్ష. నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపించే క్లోరోస్కోప్ అనే చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాంతోపాటు ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం సీసా పంచాయతీలో ఉండాలి, లేకపోతే అడిగి తెప్పించండి. నీళ్లు వదిలిన రోజు వాడ చివరి ఇంటికి వెళ్లి, నల్లా రెండు నిమిషాలు పారనిచ్చి, గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, డబ్బా మీద చెప్పినన్ని చుక్కలు వేసి వెంటనే రంగు పోల్చాలి. ఆలస్యమైతే రంగు ముదిరి లెక్క తప్పుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు రావాలి. ఊళ్లో విరేచనాలు ఉన్న రోజుల్లో 0.5 ఉండేటట్టు చూసుకోండి. ఆ నీళ్లు పారబోయండి, ఓటీ ద్రావణం విషం, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ట్యాంకు దగ్గర రంగు వచ్చి చివర రాకపోతే అసలు పని పైపుల్లో ఉంది. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి, మిగతా టైంలో పైపు ఖాళీ. ఖాళీ పైపులోకి బయటి మురికి పగుళ్ల గుండా వచ్చేస్తుంది. ధార సన్నగా వస్తోందని ఇంటి ముందు గుంత తీసి నల్లాను భూమి కంటే కిందికి దించుకుంటారు, అంట్లు తోమిన నీళ్లు, వాన నీళ్లు ఆ గుంతలోనే నిలుస్తాయి, నీళ్లు బంద్ కాగానే అవే పైపులోకి పోతాయి. నల్లాకు మోటరు పెట్టి గుంజే ఇల్లు ఒక్కటున్నా ఆ వాడ అంతటికీ ఇదే గతి, ఎందుకంటే మోటరు పైపులో నీళ్లతోపాటు పక్కనున్న మోరీని కూడా లాగుతుంది. వాడకు నీళ్లు వదిలి బంద్ చేసే గేట్ వాల్వ్ గుంతలు చూడండి, వానాకాలంలో చాలావరకు మునిగే ఉంటాయి. ఇంటి ముందు నల్లా గుంతలు పూడ్చి నల్లాను భూమి మీదికి లేపించడం, దానికి తిప్పి బంద్ చేసే ట్యాప్ పెట్టించడం, వాల్వ్ గుంతకు మూత వేయించడం ఖర్చు తక్కువ పనులు, కానీ పక్కింటి వాళ్లతో మాట పడాల్సి వస్తుంది. మోటరు సంగతి నలుగురిలో గొడవగా కాకుండా ఇంటికి వెళ్లి కూర్చొని చెబితే మా దగ్గర ముగ్గురు తీసేశారు.

క్లోరిన్ రోగక్రిములనే చంపుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్ దానికి లొంగవు, కాచినా పోవు, పైగా నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. తాగునీళ్లకు దేశంలో పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. నైట్రేట్ 45 దాటకూడదు. యూరియా, మరుగుదొడ్డి గుంతల వల్ల బోర్లలో నైట్రేట్ పెరుగుతుంది, ఆరు నెలల లోపు పసిపిల్లలకు పాలపొడి ఆ నీళ్లలో కలిపితే ప్రమాదం. అందుకే ప్రతి బోరుకూ ఏడాదికోసారి ల్యాబులో రసాయన పరీక్ష, రెండుసార్లు బ్యాక్టీరియా పరీక్ష చేయించాలి, అందులో ఒకటి వానలు పడ్డాక. బ్యాక్టీరియా శాంపిల్ మామూలు కూల్‌డ్రింక్ సీసాలో పడితే దండగ. ల్యాబు ఇచ్చిన శుద్ధమైన సీసాలోనే, మూత లోపల వేలు తగలకుండా పట్టి, ఐసు పెట్టిన డబ్బాలో అదే రోజు చేర్చాలి.

రిజిస్టర్ ఒకటి పెట్టండి: తేదీ, ఎన్ని గ్రాములు, ఏ ఇంటి దగ్గర పరీక్ష, ఎంత వచ్చింది, ఎవరు చూశారు. రంగు రాని రోజు కూడా దాచకుండా రాయాలి. గ్రామసభలో పైపుకు డబ్బులు అడిగినప్పుడు వరుసగా ఆరు సున్నాలున్న ఆ పేజీయే మాకు పనికొచ్చింది.

ఒకే వాడలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలంటే పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడొద్దు. ఆశ కార్యకర్తకు చెప్పండి, ఆ వాడ వాల్వ్ బంద్ చేయించండి, తాగే నీళ్లు కాచి చల్లార్చమని ఇంటింటికీ చెప్పండి. జాయింటు బాగుచేశాక ఎక్కువ మోతాదు క్లోరిన్ నీళ్లతో పైపు కడిగించి పారబోయించి, చివరి నల్లాలో మళ్లీ పసుపు రంగు వచ్చేదాకా ట్యాంకర్ నీళ్లు పంపించండి, ఆ ట్యాంకర్ నీళ్లను కూడా పరీక్షించాకే.