కారు లోపలి హెచ్చరిక స్టిక్కర్లు: ఏవి ఉంచాలి, మిగిలినవి ఎలా తీయాలి

కొత్త కారు లోపల కంపెనీ అంటించి పంపిన స్టిక్కర్లను మొదటి ఏడాది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎండకు అంచులు లేచి, వాటి కింద దుమ్ము చేరి, చుట్టూ జిగురు నల్లని గీతలా పైకి తేలిన తరువాతే వాటిని తీసేయాలనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున, అద్దాలు మూసి వీధిలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ చేయి ఆనించలేనంతగా కాలుతుంది కనుక, ఇక్కడ స్టిక్కర్ కాగితం త్వరగా పెళుసుబారుతుంది, జిగురు గట్టిపడి ప్లాస్టిక్‌ను పట్టేస్తుంది. ఓపిక ఉంటే ఈ పని ఎవరైనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, కానీ మొదటి స్టిక్కర్ మీద గోరు పెట్టే ముందు కారంతా ఒకసారి కలియజూసి, ఏది ఎందుకు అంటించారో చదవాలి.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ముందు సీటు ఎదుట, సన్ వైజర్ మీద ఉండే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక గురించి. వెనుకకు తిరిగి ఉండే పిల్లల సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో ఎన్నడూ పెట్టకూడదని ఆ బొమ్మ చెబుతుంది. అలాంటి సీటు వీపు భాగం డ్యాష్‌బోర్డ్‌కు చాలా దగ్గరగా వస్తుంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా విచ్చుకుని, సరిగ్గా బిడ్డ తల ఆనుకున్న చోటే బలంగా కొడుతుంది. మీరు ఆ హెచ్చరికను ఎప్పుడో చదివి ఉండవచ్చు. పండక్కి ఊరినుంచి వచ్చి పసిబిడ్డతో ముందు సీటులో కూర్చునే చెల్లెలు చదవలేదు, నాలుగేళ్ల తరువాత మీ కారును సెకండ్ హ్యాండ్‌లో కొనే కుటుంబమూ చదవలేదు. పిల్లలను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చునే అలవాటు మన నగరంలో ఏ సిగ్నల్ దగ్గర చూసినా కనిపిస్తుంది కనుక, ఈ ఒక్క స్టిక్కర్‌ను అందం కోసం తీయవద్దని నేను గట్టిగా కోరుతున్నాను. పైగా చాలా కార్లలో అది అంటించిన స్టిక్కర్ కాదు, వైజర్ రెక్సిన్‌లోకే వేడితో అచ్చు వేసినది. దాన్ని గీకితే రెక్సిన్ చిరుగుతుంది, చివరికి వైజర్ మొత్తం మార్చుకోవలసి వస్తుంది.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కనిపించే టైర్ల గాలి వివరాల పట్టికను, ఛాసిస్ నంబరు ఉన్న పలకను ముట్టుకోవద్దు. సీటు పక్కన కుట్టిన ఎయిర్‌బ్యాగ్ గుడ్డముక్కను, సీటు బెల్టు మీద కుట్టిన ముక్కను కత్తిరించవద్దు. కత్తెర మొన తగిలి బెల్టు పోగు ఒక్కటి తెగినా ఆ బెల్టును నమ్మలేము. ముందు అద్దం మీది ఫాస్టాగ్‌ను ఊడదీస్తే అది మళ్లీ పనిచేయదు. 2019 ఏప్రిల్ 1 తరువాతి కార్లకు అద్దం లోపలివైపు రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఉంటే దాన్నీ వదిలేయాలి.

ఇక నిశ్చింతగా తీయదగినవి సీట్ల మీది ప్లాస్టిక్ పొర, గుమ్మం పట్టీల మీది పొర, స్క్రీన్ మీది పొర, కారు సదుపాయాలను ప్రకటించే కాగితాలు, షోరూమ్ వారు వెనుక అద్దానికి అంటించిన పేరు, ఆయిల్ మార్చిన ప్రతిసారీ సర్వీసు సెంటర్ వారు ఒకదాని మీద ఒకటి అంటించే చిన్న కాగితాలు. గ్లవ్ బాక్స్ మూత మీదా, డ్యాష్‌బోర్డ్ మీదా ఉండే సూచనల్లో ఏదైనా తీయదలిస్తే, అదే విషయం ఓనర్స్ మాన్యువల్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

కావలసిన సామాను తక్కువే. హెయిర్ డ్రయర్, పాత ఏటీఎం కార్డు, రెండు మూడు మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు, కొబ్బరి నూనె, మందుల షాపులో దొరికే నీలగిరి తైలం, కొద్దిగా కారు షాంపూ ఉంటే సరిపోతుంది. డ్రయర్ లేనివారు కారును అరగంట ఎండలో నిలిపితే చాలు, మన వేసవి ఆ పని చేసి పెడుతుంది. సెల్లార్‌లో పని చేసేవారు నాలుగు తలుపులూ తెరిచి ఉంచాలి. నీలగిరి తైలం ఆవిరి సులువుగా అంటుకుంటుంది కనుక దగ్గర్లో నిప్పు ఉండకూడదు, డ్రయర్ పని పూర్తయి పక్కన పెట్టిన తరువాతే సీసా మూత తీయాలి.

డ్రయర్‌ను తక్కువ వేడిలో పెట్టి, ఒక జానెడు దూరం నుంచి, ఒకే చోట ఆపకుండా అటూ ఇటూ ఆడిస్తూ అర నిమిషం పట్టండి. చేయి ఆనిస్తే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. స్టీరింగ్ మధ్య భాగానికీ, డ్యాష్‌బోర్డ్‌లో ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ మూత అతుకులకూ వేడిగాలి పట్టకూడదు, అక్కడి సందుల్లోకి ఏ ద్రవమూ పోనివ్వకూడదు. జిగురు మెత్తబడ్డాక ఒక మూలను గోరుతో లేపి, స్టిక్కర్‌ను పైకి లాగకుండా దాని మీదికే మడిచినట్టుగా వెనక్కి, ప్లాస్టిక్‌కు సమాంతరంగా, నెమ్మదిగా లాగండి. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ ఆగి మళ్లీ వేడి చూపాలి. తొందరపడితే పై పొర చేతికొచ్చి, కాగితం పీలిక అడుగున ఉండిపోతుంది. అలా జరిగినప్పుడు కొబ్బరి నూనెలో ముంచిన గుడ్డముక్కను దాని మీద పావుగంట పరిచి ఉంచితే కాగితం నాని, ఏటీఎం కార్డు అంచుతో తోసినా లేచి వస్తుంది. డిసెంబరు ఉదయాల్లో నూనె పేరుకుని ఉంటే అరచేతిలో రుద్ది కరిగించి వాడండి.

మిగిలే జిగురు పనే అసలైన ఓపిక పని. ముందుగా నూనెతో వేలికొనలతో గుండ్రంగా రుద్దితే చాలా భాగం చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని వస్తుంది. మొండిగా మిగిలిన దాని మీద మాత్రమే నీలగిరి తైలం రెండు చుక్కలు గుడ్డకు వేసి అద్దండి, వెంటనే తుడవండి. ఏ తైలమైనా ముందు గ్లవ్ బాక్స్ లోపలి గోడ వంటి కనిపించని చోట పరీక్షించి, పది నిమిషాలు ఆగి, రంగు మారలేదని చూసుకున్న తరువాతే పైకి కనిపించే చోట వాడాలి. నేను ఒకసారి ఈ పరీక్ష చేయకుండా గోళ్ల రంగు తీసే ద్రవంతో గ్లవ్ బాక్స్ మూతను తుడిచాను. అందులోని అసిటోన్ కారు లోపల ఎక్కువగా వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండే తుడుపులకు ఆ చోట నునుపు పోయి తెల్లని మచ్చ పడింది, ఏ పాలిష్‌కూ అది పోలేదు. థిన్నర్, పెట్రోలు కూడా కారు లోపలికి తేవద్దు. స్పీడోమీటరు పైనున్న పారదర్శకమైన మూతకు, టచ్ స్క్రీన్‌కు నీలగిరి తైలం కూడా వద్దు, పొర తీశాక పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

వెనుక అద్దం మీది స్టిక్కర్‌కు బ్లేడు వాడకండి. లోపలివైపు అడ్డంగా కనిపించే సన్నని గీతలు మంచును కరిగించే తీగలు. ఒక్కటి తెగినా ఆ వరుస పనిచేయదు. నూనె, వేడి, కార్డు చాలు, చేయి మాత్రం గీతల వెంటే అడ్డంగా కదలాలి.

చివరగా షాంపూ కలిపిన నీటిలో గుడ్డను ముంచి గట్టిగా పిండి, జిడ్డంతా తుడిచేయాలి. జిడ్డు మిగిలితే నగరపు దుమ్ము రెండు రోజుల్లో స్టిక్కర్ ఆకారంలోనే మళ్లీ పేరుకుంటుంది. పాత కారులో తీసిన చోట చుట్టూ కంటే ముదురు రంగు చతురస్రం కనిపిస్తే అది మరక కాదు. మిగతా ప్లాస్టిక్ ఎండకు వెలిసిందని అర్థం, దాన్ని రుద్దవద్దు. ఊడిన కాగితాల్లో సూచనలేవైనా చిరగకుండా వచ్చి ఉంటే, ఓనర్స్ మాన్యువల్ వెనుక అట్ట లోపల అంటించి పెట్టండి, తరువాత కారు తీసుకునేవారికి అక్కడ దొరుకుతాయి.