బండి దగ్గర ఎవరూ ఉండిపోకుండా కోనసీమ చూసి రావడం ఎలా

పోయినేడు కార్తీకంలో ద్రాక్షారామం వెళ్ళాం, ఇంట్లో ఏడుగురం, ఒక అద్దె బండి. అక్కడ భీమేశ్వరుడి గుడి రెండంతస్తులు కదా, లింగం పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి. మా అత్తయ్యగారికి మోకాళ్ళు పూర్తిగా పోయాయి, వీల్‌చైర్ లేకపోతే నాలుగడుగులు కూడా కష్టం. "మీరెళ్ళి రండమ్మా, నేను బండికాడ ఉంటాన్లే" అన్నారు, మేమూ సరే అనేసి వెళ్ళిపోయాం. గంటన్నర తర్వాత వచ్చి చూస్తే ఆవిడా డ్రైవర్ బాబూ చెట్టు నీడలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటా కబుర్లాడుకుంటున్నారు, ఆవిడ బాటిల్లో నీళ్ళు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, తాగితే బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారని.

ఏం మాట్లాడుకున్నారో రాత్రి ఇంటికొచ్చాక చెప్పారు. ఆ అబ్బాయి వాళ్ళ తాతని ఊళ్ళో గుడి గడప దాటనిచ్చేవారు కాదంట, రోడ్డు మీద నుంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయేవాడంట. మన వైపు అప్పుడు మద్రాసు కింద ఉండేది, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా చాలా చోట్ల అదే పరిస్థితి. "వాళ్ళ తాత గడప బయట, నేను మెట్ల బయట, బాగానే కుదిరింది మాకు కబురు" అని నవ్వేసి పడుకున్నారు ఆవిడ. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

అందుకే ఈసారి ప్లాను తిరగేసి రాశాను. మీరూ ఇలాగే మొదలెట్టండి: చూడాల్సిన ఊళ్ళ లిస్టు పక్కన, ఆ ఊళ్ళో ఎవరు బండి దగ్గర ఉండిపోతారో ఆ పేరు రాయండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే రూటు మార్చాలి, ఇంక వేరే మాట లేదు.

తర్వాత ఫోన్లు. "వీల్‌చైర్ వస్తుందాండీ" అని మాత్రం అడక్కండి, మన గోదారోళ్ళు ఎవరినీ కాదనరు, "ఆయ్, వచ్చేయండి, ఏం పర్లేదు, మనోళ్ళు ఎత్తేత్తారు" అంటారు. ఎత్తడం గురించి కాదు కదా మనం అడిగేది. మెట్లెన్ని, పక్కన వాలు ఉందా, బాత్రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు, లోపల వెస్ట్రన్ ఉందా, ఇలా లెక్కలు అడగండి. ఇంట్లోనే వీల్‌చైర్ వెడల్పు టేపుతో ముందే కొలిచి పెట్టుకోండి. ర్యాంప్ ఉంది అన్నా నమ్మేయకూడదు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది రూలు, చాలా చోట్ల అడుగు ఎత్తుకి నాలుగడుగులు పోసేసి ర్యాంప్ అనేస్తారు, అది మోటార్ సైకిల్ ఎక్కించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అలాంటిది దిగాల్సి వస్తే కుర్చీ వెనక్కి తిప్పి, మీరు కింద వైపు ఉండి మెల్లిగా దింపండి, ముందుకి తోస్తే మనిషి జారి పడిపోతారు.

మా రూటు రాజమండ్రి నుంచి ధవళేశ్వరం, కాటన్ మ్యూజియం చూసుకుని బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం, ర్యాలి, అక్కడి నుంచి పి.గన్నవరం, రాజోలు, చివర అంతర్వేది. ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వచ్చేయకుండా రేకు తీసే ఇంటి దగ్గర ఓ పది నిమిషాలు కూర్చోండి. బోర్లించిన కుండ కింద మంట, పిండిలో తడిపిన గుడ్డ ఒక్కసారి అలా లాగితే రేకు వచ్చేస్తది, రోజంతా ఆ సెగ దగ్గర కూర్చునేది ఆడవాళ్ళే. 2023లో ఆ ఊరి పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు, కూడా వచ్చింది.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఒకే రాతి విగ్రహం, ముందు విష్ణుమూర్తి, వెనక మోహిని, జడ కూడా చెక్కి ఉంటుంది. ముందు నుంచి చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. మా చిన్నాడు "మామ్మా, ఈయన స్వామా అమ్మవారా" అని గట్టిగా అడిగేశాడు, ఆవిడ "రెండూనురా, ఏం, ఉండకూడదా" అన్నారు. నేను కల్పించుకోలేదు, అంతకంటే బాగా నేను చెప్పేదేం లేదు.

తిండి సంగతి నా సొంత గోల. టూర్ అంటే నాకు తెల్లారగట్ల మూడింటికి పులిహోర. అందరూ ఎంజాయ్ చేసే రోజు నేను నిద్రమొహంతో ఉంటాను, ఫొటోల్లో చూస్తే తెలిసిపోతది. ఈసారి చింతపండు గుజ్జు ముందురోజే తీయించాను, అన్నం మా ఆయన వండారు, కొంచెం మెత్తబడింది, ఎవరూ చచ్చిపోలేదు. ఇంకోటి, ఆడవాళ్ళు దారిలో బాత్రూములుండవని నీళ్ళు మానేస్తారు, అడిగితే దాహం లేదంటారు, నమ్మకండి. గంటన్నరకోసారి పెట్రోల్ బంకు దగ్గర ఆపమని డ్రైవర్‌కి బయల్దేరేటప్పుడే చెప్పేస్తే ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు.

డ్రైవర్‌ది బేటా ఇచ్చేశాం కదా అని వదిలేస్తాం. ఆ డబ్బు వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు. మొదట "పర్లేదండి, నేను అటు తినేత్తానండి" అన్నాడు, రెండోసారి అడిగితే కూడా అదే మాట. అప్పుడు అత్తయ్యగారు ఆకు తన పక్కన వేయించి "రా బాబూ, నాకు పచ్చడి అందడం లేదు" అన్నారు, వచ్చి కూర్చున్నాడు. పిలుపు అలా ఉండాలి, మొహమాటం వాడి మీద పెట్టకూడదు. ఇదంతా పి.గన్నవరంలో, గోదారి పాయ వైనతేయ మీద అక్విడక్టు, అంటే నది మీదుగా కాలవని దాటించే వంతెన, ఉంది కదా, దానికి డొక్కా సీతమ్మగారి పేరే. ఆవిడది ఆ పక్కనే లంకల గన్నవరం, వేళకాని వేళ ఎవరొచ్చినా కులం అడక్కుండా అన్నం పెట్టిన మనిషి, 1909లో పోయారు, ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. ఆ కాలవ చూపిస్తూ పిల్లలకి ఆవిడ గురించి చెప్పండి, కానీ డ్రైవర్‌ని బయట కూర్చోబెట్టి మాత్రం చెప్పకండి.

అంతర్వేదికి భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో కుర్చీతో వెళ్ళొద్దు, కాలు పెట్టే సందుండదు. మామూలు రోజు వెళ్ళి గుడి అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టుకి పొండి, గోదారి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసకలో ముందు చిన్న చక్రాలు దిగబడిపోతాయి, మేం ఎత్తబోతే "నేనేమన్నా పెళ్ళికూతుర్నా" అని కసిరారు. ఎత్తేముందు అడగాలి అసలు. కుర్చీ వెనక్కి తిప్పి లాగితే పెద్ద చక్రాల మీద వచ్చేస్తది, ఒకవైపు నేను, ఒకవైపు డ్రైవర్ బాబు, అలల దాకా లాగాం. చీర కుచ్చిళ్ళు తడిసిపోయినా లేవనంటారు.

ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రే కుర్చీ మంచినీళ్ళతో కడిగి, ఆరాక చక్రాల దగ్గర రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయండి, ఉప్పుగాలికి వారంలో తుప్పు పట్టేస్తది, అప్పుడు మళ్ళీ కీచుకీచుమంటా వీధంతా వినపడతది.