ఎసిట్రోమ్, వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు ఆకుకూరలు ఎలా తినాలి?

గుండె వాల్వ్ మార్పించుకున్నవాళ్ళకి, కాళ్ళలో రక్తం గడ్డ కట్టినవాళ్ళకి మళ్ళీ గడ్డలు కట్టకుండా ఈ బిళ్ళలు రాస్తారు, ఇంటికి రాగానే చుట్టాలంతా చేరి ఆకుకూర వాసన కూడా చూడొద్దంటారు. అంత అక్కర్లేదండి. ఎప్పుడూ ఇంచుమించు ఒకే లెక్కలో తినాలి, అంతే.

ఎందుకంటే రక్తం గడ్డకట్టడానికి లివర్ తయారుచేసే 2, 7, 9, 10 నంబర్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లకి విటమిన్ కె కావాలి, వాడేసిన ఆ విటమిన్‌ని శరీరం మళ్ళీ వాడుకోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. మీ డోసు కుదిరింది మీరు రోజూ తినే తిండి మీదే, అది మారితే లెక్క తప్పుతుంది.

1. ముందు చీటీలో మందు పేరు చూడండి. అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగాట్రాన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రమే ఉంటే విటమిన్ కె గొడవే లేదు, హాయిగా తినండి.

2. వారంలో ఆకుకూర ఎన్నిసార్లు, ఎన్ని గరిటెలు తింటున్నారో రాసుకోండి. తోటకూర, పాలకూరల్లో కె బాగా ఎక్కువ, 100 గ్రాముల పచ్చి పాలకూరలోనే 480 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, ఉడికిస్తే పోతుందనుకోకండి, పోదు. క్యాబేజీలో అంత ఉండదు. సొరకాయ, వంకాయ గురించి ఆలోచించక్కర్లేదు. చారులో వేసే నాలుగు కొత్తిమీర రెబ్బలతో ఏం కాదు కానీ కొత్తిమీర పచ్చడి గిన్నెడు లాగిస్తే అది ఆకుకూర కిందే లెక్క.

3. వారానికి రెండుసార్లు పప్పులో తోటకూర అలవాటుంటే అలాగే కానివ్వండి. ఆషాఢం వచ్చిందని వరసగా మునగాకు తింటే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే రక్తపరీక్ష లెక్క) పడిపోయి గడ్డలు కట్టే రిస్కు, ఉపవాసాలు ఉండో జ్వరమొచ్చో తిండి తగ్గితే ఐఎన్ఆర్ పెరిగి రక్తస్రావం రిస్కు. మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు, కొన్ని వాల్వ్‌లకి ఇంకాస్త ఎక్కువ, మీకెంతో డాక్టర్నే అడగండి.

4. మల్టీవిటమిన్ బిళ్ళల్లో కూడా కె ఉండొచ్చు, డబ్బా మీద చదవండి. మునగాకు పొడి, గ్రీన్ జ్యూస్ లాంటివి ఎవరో చెప్పారని మొదలెట్టకండి. యాంటీబయాటిక్ రాస్తే మాత్రం ఈ మందు వాడుతున్నామని ముందే చెప్పాలి, చాలావాటితో ఐఎన్ఆర్ పెరుగుతుంది.

5. చిగుళ్ళ నుంచి రక్తం, ఊరికే కమిలిన మచ్చలు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. విరేచనం నల్లగా తారులా అయినా, తలకి దెబ్బ తగిలినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళండి. తిండి మారిందని బిళ్ళ సొంతంగా సగం చేసుకోవద్దు, టెస్ట్ చేయించి డాక్టర్ చెప్పాకే డోసు మార్చాలి.