పిల్లలకు గేమింగ్ పోటీల వీడియోలు పెట్టేముందు

ముందు ఆ ఆట వయసు రేటింగ్ చూడండి. యూరప్‌లో వాడే పెగీ లెక్కన ఫోర్ట్‌నైట్‌కు 12, వాలొరాంట్‌కు 16, కౌంటర్ స్ట్రైక్‌కు 18 ఏళ్లు.

అయితే రేటింగ్ ఒక్కటే చాలదు. అది ఆటకే గానీ, ఆడుతూ మాట్లాడేవాళ్ల నోటికి కాదు. సౌండ్ పెంచి పది నిమిషాలు మీరే వినండి. ముఖ్యంగా ఓడిపోయిన రౌండ్ దగ్గర ఆగండి. హెడ్‌సెట్ విసిరేసి తోటి ఆటగాణ్ని బూతులు తిడుతున్నాడా, లేక "నాదే పొరపాటు, మళ్లీ చూద్దాం" అంటున్నాడా? పిల్లల నోట రేపు వచ్చేది ఆ మాటే.

- లైవ్ అయితే పక్కన పరిగెత్తే చాట్ మూసేయండి. అక్కడ ఎవరేం రాస్తారో ముందే తెలియదు.
- వీడియో కింద "స్కిన్లు (ఆటలో ఆయుధాలకు, పాత్రలకు వేసే అలంకారాలు) గెలుచుకోండి" అనే లింకులున్నాయా? వాటిలో జూదం సైట్లూ ఉంటాయి. కనిపిస్తే ఆ ఛానల్ వద్దు.
- ఆటోప్లే ఆపేయండి.

చిన్నపిల్లలకు రాకెట్ లీగ్ లాంటివి నయం. కార్లతో బంతిని గోల్‌లోకి కొట్టడమే, తుపాకులుండవు. అదైనా సరే, మొదటి మ్యాచ్ పక్కన కూర్చునే చూడండి. టెన్షన్ ఎక్కువై పిల్లలు గోళ్లు కొరుకుతుంటే అక్కడితో ఆపి, కాసేపు మాట్లాడండి.