కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లడం ఎలా? విషం ఎక్కితే ఏం చేయాలి?

వరి నారుమడిలో కాండం తొలుచు పురుగుకు, ఉల్లికోడుకు వేసే కార్బోఫ్యూరాన్ కార్బమేట్ల కుటుంబానికి చెందిన మందు. ఈ గుళికల విషం నిమిషాల్లోనే మొదలవుతుంది. నరాల కబురు కండరాలకు, గ్రంథులకు అందించే అసిటైల్‌కోలిన్‌ను పని కాగానే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి మన ఒంట్లో ఉంటుంది. కార్బమేట్ దానికి అతుక్కుని పని ఆపేస్తుంది. ఇక చొంగ, చెమట, ఊపిరితిత్తుల్లో నీరు ఆగకుండా ఊరుతూనే ఉంటాయి.

ముందు సంచి చూడండి. 3 శాతం సి.జి., అంటే పూత ఉన్న గుళికలు, సీలు చెదరకుండా ఉండాలి. సెంటు నారుమడికి 160 గ్రాములు చాలు. ఎకరా నాటుకు సరిపడే ఐదు సెంట్లకు 800 గ్రాములు. చేత్తో అంచనా వేయకుండా తూచండి. రబ్బరు గ్లౌజులు వేసుకుని, ముక్కూ నోరూ కప్పుకుని, పొడి ఇసుకలో కలపండి. నారు పీకడానికి వారం ముందు, మడిలో అంగుళం లోపు నీరు ఉంచి, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి చల్లండి. ఆ నీరు కాలువలోకి వదలకండి.

గుళికలను నీళ్లలో నానబెట్టి స్ప్రేయర్‌లో పోసేవారు ఉన్నారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. పూత కరిగాక మందు తుంపరగా మారి నేరుగా ఊపిరిలోకి పోతుంది. పని మధ్యలో బీడీ, గుట్కా కూడా వద్దు. వేళ్లకంటిన పొడి నోట్లోకి వెళ్తుంది. గట్టు మీద రాలిన గుళికలను మట్టిలో కలిపేయండి. చిన్న పిట్ట చావడానికి ఒక్క గుళిక చాలు.

చల్లిన మనిషికి తల తిరిగి, వాంతి అయితే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. ముందు కంటిపాపలు చూడండి. అవి ఆవగింజంత చిన్నవై, నోట్లో చొంగ, ఛాతీలో గరగర, కనురెప్పల దగ్గర కండరాల అదురు కనిపిస్తే అది మందు పనే.

వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పొలం నుంచి దూరంగా తెచ్చి, మీరు గ్లౌజులు వేసుకుని, బట్టలన్నీ తీసేయండి. తల వెంట్రుకలు, గోళ్ల సందులతో సహా సబ్బుతో కడగండి. క్షారంలో కార్బమేట్లు త్వరగా విరిగిపోతాయి, కాబట్టి సబ్బు నురగ ఉత్త నీళ్లకన్నా మేలు. స్పృహ తగ్గుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, నూనె కూడా పట్టవద్దు. మందు సంచిని మాత్రం తప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేట్ అనే మరో పురుగుమందుల కుటుంబం విషానికీ లక్షణాలు ఇలాగే ఉంటాయి, తేడా చెప్పేది ఆ లేబులే.

అక్కడ విరుగుడు అట్రోపిన్. ఛాతీలో గరగర పోయేదాకా ఐదేసి నిమిషాలకు మోతాదు పెంచుతూ ఇస్తారు. కంటిపాపలు పెద్దవయ్యాయని అట్రోపిన్ ఆపడం పొరపాటు, చూడాల్సింది ఊపిరిని. కార్బమేట్ ఎంజైమ్‌ను దానంతట అదే వదిలేస్తుంది, కాబట్టి చాలామంది 24 నుంచి 48 గంటల్లో తేరుకుంటారు. ఇదే కారణంగా పరీక్షకు తీసిన రక్తం గొట్టంలో నిలవ ఉంటే ఎంజైమ్ కోలుకుని, ఫలితం మామూలుగా రావచ్చు. అలాంటి రిపోర్టు చూసి ఇంటికి తీసుకెళ్లిపోకండి.

కావాలని మింగిన వారి విషయంలో ఒంట్లో విషం దిగడంతో పని అయిపోదు. డిశ్చార్జికి ముందు మానసిక వైద్యుడికి చూపించండి, ఇంట్లో ఉన్న గుళికలు తాళం వేసిన చోటికి మార్చండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416 నంబరులో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.